జూల్ సమీక్ష: 94 మార్పుల వరుస నుంచి బయటపడ్డాక పద్దెనిమిది నెలలు

రెండేళ్ల కిందట మార్చిలో ఒక గురువారం సాయంత్రం ఏడు గంటలకు మా పరీక్షల వరుసలో 94 కోడ్ మార్పులు నిలబడి ఉన్నాయి. విడుదలకు ఇంకా నాలుగు రోజులే ఉంది. గచ్చిబౌలిలోని మా ఆఫీసులో సగం మంది ఇళ్లకు వెళ్లలేదు. వాళ్లకు పని మిగిలి లేదు. చేసిన పని ప్రధాన శాఖలోకి, అంటే అందరూ పంచుకునే అసలు కోడ్‌లోకి, వెళ్లక కూర్చున్నారు. ఆరు నెలల ముందే ఉద్యోగంలో చేరిన గుంటూరు అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చి, "అక్కా, నా మార్పుకు నిన్న మధ్యాహ్నమే ఆమోదం వచ్చింది. ఇంకా అరవై ఒకటో స్థానంలో ఉంది. ఇవాళ వెళుతుందంటారా?" అని అడిగింది. లెక్క వేశాను. ఒక్కో మార్పు పరీక్షకు 52 నిమిషాలు. దాని ముందు అరవై ఉన్నాయి. అంటే 52 గంటలు. శనివారం రాత్రి పదకొండుకు దాని వంతు వస్తుంది, అదీ మధ్యలో ఎవరి మార్పూ మళ్లీ వరుసలోకి రాకపోతే. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ వరుసను నడిపే బాధ్యత నాది. టెలికాం పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక సంస్థలో మాది ఉమ్మడి ప్రాజెక్టు. హైదరాబాదు, పుణె, పోలండ్, మూడు చోట్ల కలిపి సుమారు 160 మంది రాస్తారు. కోడ్ దాచే రిపాజిటరీలు పదకొండు ఉన్నాయి. బిల్డులు, పరీక్షలు చూసుకునే ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ మార్చి తర్వాత మేము జూల్‌కు మారాం. కోడ్ మార్పులను పరీక్షించి, పాసైనవాటిని ప్రధాన శాఖలో కలిపే సాఫ్ట్‌వేర్ అది. పద్దెనిమిది నెలలుగా పొద్దున కాఫీ కంటే ముందు నేను చూసేది దాని స్థితి పేజీనే. నా తీర్పు ముందే చెబుతాను. ఉమ్మడి ప్రాజెక్టుల వరుసలకు నేను చూసినవాటిలో ఇంత లోతుగా ఆలోచించి కట్టిన పనిముట్టు ఇంకొకటి లేదు. అయితే పరీక్షలు నిలకడగా లేని చోట దీన్ని తెచ్చిపెడితే నెల తిరగకముందే తీసి పక్కన పెడతారు. మేమూ ఆ అంచుదాకా వెళ్లి వచ్చాం.

అంతకుముందు మా దగ్గర ఉన్నది మేమే రాసుకున్న చిన్న స్క్రిప్టు. ఆమోదం పొందిన మార్పును వరుసలోంచి ఒకటి తీసుకుంటుంది, ప్రధాన శాఖతో కలిపి పరీక్షిస్తుంది, పాసైతే మెర్జ్ చేస్తుంది, అంటే ప్రధాన శాఖలో కలిపేస్తుంది, తర్వాతిదాన్ని తీసుకుంటుంది. ఒకటి అయ్యాకే ఇంకొకటి. రోజుకు 1,440 నిమిషాలు. వాటిని 52తో భాగిస్తే 27 మార్పులు. మేము రోజుకు ఆమోదించేవి దాదాపు నలభై. ఇక వరుస పెరగక ఏం చేస్తుంది? శని, ఆదివారాల్లో కరిగేది, బుధవారానికి మళ్లీ పేరుకునేది. మామూలు వారాల్లో ఎలాగో నెట్టుకొచ్చాం. విడుదల వారంలో రోజుకు అరవై వచ్చేసరికి కట్ట తెగింది.

వరుస పొడవైతే మనుషుల అలవాట్లు మారిపోతాయి. వేచి ఉండటం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. ఒక్కసారి వంతు రావడానికి రెండు రోజులు పడితే ఎవరైనా ఏం చేస్తారు? మూడు చిన్న మార్పులను కట్టగట్టి ఒక పెద్ద మార్పుగా పంపుతారు. పెద్ద మార్పును సమీక్షించడం కష్టం, అది విఫలమయ్యే అవకాశమూ ఎక్కువ. విఫలమైతే మళ్లీ వరుస చివరకు. అలా వరుసే వరుసను పెంచింది. ఇంకొందరు అనుమతులున్నవారిని బతిమాలి దొడ్డిదారిన నేరుగా ప్రధాన శాఖలోకి తోయించుకునేవారు. ఆ ఏడాది ప్రధాన శాఖ విరిగిన ప్రతిసారీ మూలం వెతికితే, ఒక్కటి తప్ప అన్నీ ఆ దొడ్డిదారిన వచ్చినవే.

అసలు వరుస ఎందుకు, ఎవరి మార్పును వాళ్లు పరీక్షించుకుని కలిపేసుకోవచ్చు కదా అని కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. మా దగ్గర జరిగిన సంగతే చెబుతాను. పుణెలో ఒకరు టైమర్ ఫంక్షన్ తీసుకునే విలువను సెకన్ల నుంచి మిల్లీసెకన్లకు మార్చారు. దాన్ని పిలిచే చోట్లన్నీ వెతికి సరిచేశారు. పరీక్షలన్నీ పాసయ్యాయి. అదే రోజు ఇక్కడ ఒకరు ఆ ఫంక్షన్‌ను కొత్తగా ఒక చోట వాడారు, ముప్పై సెకన్లు అనుకుని 30 అని ఇచ్చారు. అదీ పాసైంది. రెండూ కలిశాక, ముప్పై సెకన్లు ఆగవలసిన లింకు ముప్పై మిల్లీసెకన్లకే తెగిపోవడం మొదలైంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. విడివిడిగా మంచివైన రెండు మార్పులు కలిసి చెడ్డవయ్యాయి. కలిపి పరీక్షిస్తే తప్ప ఇది బయటపడదు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ ఇందుకు ఒక నియమం చెప్పారు: ప్రధాన శాఖలో ఎప్పుడూ అన్ని పరీక్షలూ పాసైన కోడే ఉండాలి, ఆ కాపలా యంత్రం కాయాలి. రస్ట్ ప్రాజెక్టు కోసం 2013లో ఆయన బోర్స్ అనే బాట్‌ను రాసింది ఈ పనికే. మా స్క్రిప్టు చేసిందీ అదే. నియమం సరైనదే. ఒకదాని తర్వాత ఒకటిగా పాటించడం వల్లనే మేము మునిగిపోయాం.

జూల్ 2012లో ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం పుట్టింది. జేమ్స్ బ్లెయిర్ దాన్ని మొదలుపెట్టారు. అనేక సంస్థల మనుషులు ఒకదానిపై ఒకటి ఆధారపడిన ఎన్నో రిపాజిటరీల్లో రాసే ప్రాజెక్టు అది. మా అవసరమూ అదే రకానిది, చిన్న ఎత్తున. దీని ప్రాణమంతా ఒక ఊహలో ఉంది. పెళ్లి భోజనాల దగ్గర మంచి వంటమనిషిని చూడండి. మొదటి బంతి లేచేదాకా ఆగి, అప్పుడు రెండో బంతికి ఎసరు పెట్టడు. మొదటి బంతి సవ్యంగా సాగుతుందని నమ్మి ముందే అన్నం వారుస్తాడు. జూల్ అలాగే ముందున్న మార్పులు పాసవుతాయని అనుకుంటుంది. వరుసలో ఐదు మార్పులుంటే, మొదటిదాన్ని ప్రధాన శాఖపైన, రెండోదాన్ని మొదటిది కలిసిన శాఖపైన, మూడోదాన్ని ఆ రెండూ కలిసిన శాఖపైన, ఇలా ఐదింటినీ ఒకేసారి పరీక్షిస్తుంది. అన్నీ పాసైతే ఐదూ 52 నిమిషాల్లోనే లోపలికి వెళతాయి. ప్రతి ఒక్కటీ తాను నిజంగా చేరబోయే కోడ్‌తో కలిసే పరీక్ష ముగించింది. నియమంలో వెంట్రుకవాసి సడలింపు లేదు.

మధ్యలో మూడోది విఫలమైతే? దాన్ని వరుసలోంచి పక్కకు తప్పించి, నాలుగు, ఐదులను అది లేకుండా మళ్లీ మొదలుపెడుతుంది. మూడోదానిలో ఒక్క జాబ్ (పరీక్షల్లో ఒక భాగం) విఫలమైందని తెలిసిన క్షణానే ఇది జరుగుతుంది, మిగతా జాబ్‌లు ముగిసేదాకా ఆగదు. అందులో నాకు చాలా నచ్చిన న్యాయం ఒకటుంది. విఫలమైన మూడోదానికి వెంటనే తీర్పు చెప్పదు. దాని ముందున్నవి పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఒకవేళ ముందున్న రెండోదే చెడ్డదని తేలితే, మూడోదానికి రెండోది లేకుండా ఇంకో అవకాశం ఇస్తుంది. పక్కవాడి తప్పుకు మనల్ని గెంటివేయదు. వరుసలను చూసిన మనుషులు రాసిన సాఫ్ట్‌వేర్ ఇది అని నాకు అప్పుడే అనిపించింది.

ఇదంతా స్థితి పేజీలో కంటికి కనబడుతుంది. ప్రతి మార్పు ఒక పెట్టె, పెట్టెల పక్కన చుక్కలు, చుక్కలను కలుపుతూ గీత. ఏదైనా విఫలమైతే ఆ చుక్క ఎర్రబడి, వెనకవాటి గీత దాన్ని తప్పించుకుని ముందున్న మంచిదానికి అతుక్కుంటుంది. దేని మీద నొక్కినా ఆ జాబ్ లాగ్ జరుగుతున్నది జరుగుతున్నట్టే కనబడుతుంది. "నాది ఎప్పుడు వెళుతుంది" అని నన్ను అడిగేవాళ్లు మొదటి వారంలోనే సగం తగ్గారు. ఎంత ఆలస్యం అన్నది కనబడుతూ ఉంటే మనిషి ఓర్చుకుంటాడు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లకు కూడా ఎన్ని గంటలు పడుతుందో బోర్డు మీద తెలిస్తేనే కాస్త నిమ్మళం.

ఇంత చెప్పాక, మా మొదటి నెల గురించి చెప్పాలి. అది నరకం.

మా గేట్‌లో, అంటే ఆమోదం వచ్చాక ప్రధాన శాఖ ముందు కాపలా కాసే వరుసలో, ఒక్కో మార్పుకు 18 జాబ్‌లు. ఒక్కో జాబ్ ఏ కారణమూ లేకుండా వందకు రెండుసార్లు విఫలమయ్యేది. వందకు రెండు అంటే ఎవరికీ పట్టింపు ఉండదు. మళ్లీ నడిపితే పాసవుతుంది కదా అనేవారు. ఇప్పుడు లెక్క చూడండి. 18 జాబ్‌లూ ఏ అకారణ వైఫల్యమూ లేకుండా ముగిసే అవకాశం వందకు 70 లోపే. జూల్ మొదట ఒకేసారి ఇరవై మార్పులను చేతిలోకి తీసుకుంటుంది. ఇరవై మార్పులూ, అంటే 360 జాబ్‌లూ, అన్నీ సాఫీగా ముగిసే అవకాశం సుమారు 1,400 సార్లలో ఒక్కసారి. ముందున్న ఏ ఒక్కటి కారణం లేకుండా పడినా వెనకవాటన్నిటి పరీక్షలూ మొదటికి వస్తాయి. మా పాత స్క్రిప్టులో ఒకరి అకారణ వైఫల్యం ఆ ఒక్కరిదే. ఇక్కడ అది వెనకున్న పందొమ్మిది మందిది. యంత్రాలన్నీ రాత్రింబవళ్లు వేడెక్కాయి, మార్పులు మాత్రం కదల్లేదు. మూడో వారంలో "మీ పాత స్క్రిప్టే నయం" అని పోలండ్ నుంచి ఒక పెద్ద ఉత్తరం వచ్చింది. తప్పు పట్టలేను, ఆ వారం నిజంగానే అది నయం.

జూల్ దగ్గర దీనికి ఒక రక్షణ ఉంది. ఒకేసారి చేతిలోకి తీసుకునే సంఖ్యను అది కిటికీ లాగా తెరుస్తుంది, మూస్తుంది. ఒక మార్పు విఫలమైతే కిటికీ సగానికి తగ్గుతుంది. ఒకటి విజయవంతంగా మెర్జ్ అయితే ఒకటి పెరుగుతుంది. మూడు కంటే కిందకు మాత్రం మామూలుగా పోదు. ఇంటర్నెట్‌లో రద్దీని అదుపు చేసే టీసీపీ పద్ధతే ఇది. మా కిటికీ నెలంతా మూడు, నాలుగు దగ్గరే కొట్టుకుంది. పనిముట్టు పైకి చెప్పకుండా మా ఆరోగ్యం ఎలా ఉందో చెప్పినట్టే.

యంత్రాలు ఇంకా కొందాం అన్నారు. మా దగ్గర అప్పటికి 150 వర్చువల్ యంత్రాలు ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు. నిలకడ లేని పరీక్షలను ఎక్కువ యంత్రాల మీద నడిపితే ఎక్కువ తప్పుడు వైఫల్యాలు వస్తాయి, అంతే. ఇది మా ఒక్కరి జబ్బు కూడా కాదు. 2016లో గూగుల్ ఇంజనీర్లు తమ లెక్కలు బయటపెట్టారు. తమ పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత నిలకడలేనితనం ఉందని, మొత్తం పరుగుల్లో సుమారు ఒకటిన్నర శాతం అలాంటి ఫలితమే ఇస్తాయని రాశారు. అంతటి సంస్థకే తప్పనిది మనకు తప్పుతుందా? అయితే తప్పదని వదిలేయడం వేరు, లెక్క రాసి పెట్టుకోవడం వేరు.

మేము ఆరు వారాలు వేరే పనులన్నీ ఆపి ఈ ఒక్కదాని మీద కూర్చున్నాం. నియమం ఇది: అదే కోడ్‌పై రెండుసార్లు వేర్వేరు ఫలితం ఇచ్చిన పరీక్ష ఆ రోజే గేట్‌లోంచి బయటకు వెళుతుంది. రాత్రిపూట నడిచే పైప్‌లైన్‌లో (వేరే పరీక్షల వరుసలో) ఉంటుంది. దానికి ఒక యజమాని పేరు, పది పనిదినాల గడువు. గడువు దాటితే బాగుచేస్తారా, తీసేస్తారా అన్నది ఆ బృందం నాయకుడు రాసి ఇవ్వాలి. మొదటి జాబితాలో 37 పరీక్షలు చేరాయి. తొమ్మిదింటిని తీసేశాం, వాటి పనిని వేరే పరీక్షలు అప్పటికే చేస్తున్నాయి. 28 బాగుచేశాం.

ఆ బాగుచేయడంలో జూల్ నాకు ఇచ్చిన గొప్ప సాయం ఆటోహోల్డ్. ఫలానా జాబ్ ఈసారి విఫలమైతే ఆ యంత్రాన్ని పడేయకు, నాకోసం అలాగే ఉంచు అని చెప్పి పెట్టవచ్చు. మా దగ్గర వారానికి నాలుగైదుసార్లు పడే ఒక పరీక్ష ఉండేది. సర్వర్ లేవలేదు అని మాత్రం లాగ్‌లో ఉండేది. ఏడాదిగా అందరూ "అదెప్పుడూ అంతే" అని రీచెక్ కొట్టేవారు, అంటే పరీక్షలు మళ్లీ నడపమనేవారు. ఒక రాత్రి ఆటోహోల్డ్ పట్టిన యంత్రంలోకి లాగిన్ అయి చూస్తే, ఆ సర్వర్‌కు కావలసిన నెట్‌వర్కు పోర్టును అదే యంత్రంలో సమాంతరంగా నడుస్తున్న ఇంకో పరీక్ష పట్టుకుని కూర్చుంది. ఇద్దరు వేర్వేరు ఊళ్లలో కూర్చుని కోడ్‌లో ఒకే పోర్టు సంఖ్య రాశారు. పది నిమిషాల దిద్దుబాటు. దానికోసం ఏడాదిపాటు ఎందరి సాయంత్రాలు పోయాయో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ 28లో నాలుగింటి విషయంలో తప్పు పరీక్షలది కానే కాదు. నాలుగూ మేము అమ్మే సాఫ్ట్‌వేర్‌లోని నిజమైన లోపాలు. ఏకకాలంలో నడిచే రెండు థ్రెడ్లు ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లే చోట ఎప్పుడో ఒకసారి కాలు జారేది. పరీక్ష మాకు నిజమే చెబుతూ వచ్చింది. మేము రీచెక్ కొట్టి దాని నోరు మూశాం.

అకారణ వైఫల్యం వందకు రెండు నుంచి వెయ్యికి రెండుకు దిగాక, ఇరవై మార్పులూ సాఫీగా ముగిసే అవకాశం 1,400లో ఒకటి నుంచి దాదాపు సగానికి వచ్చింది. అదే పనిముట్టు, అవే యంత్రాలు. కిటికీని మాత్రం మేము ఇరవై నుంచి ఆరుకు కుదించుకున్నాం. ఇరవై తెరిస్తే 360 యంత్రాలు కావాలి, మా దగ్గర 150 ఉన్నాయి. ఆరుకు 108 సరిపోతాయి, మిగిలినవి సమీక్షకు ముందు నడిచే చెక్ పైప్‌లైన్‌కు. యంత్రాల సంఖ్యను జాబ్‌ల సంఖ్యతో భాగించి, అందులోంచి చెక్ వాటా తీసేసి కిటికీ పెట్టుకోండి. ఈ చిన్న లెక్క మాకు రెండు నెలలు ఆలస్యంగా తట్టింది.

ఇప్పుడు డిపెండ్స్-ఆన్ గురించి. మా ప్రాజెక్టు జూల్‌నే ఎంచుకోవడానికి అసలు కారణం ఇది. ఒక రిపాజిటరీలో ప్రోటోకాల్ నిర్వచనం మారితే దాన్ని వాడే ఇంకో మూడు రిపాజిటరీలూ మారాలి. ఇంతకుముందు ఏది ముందు వెళ్లినా మధ్యలో కొన్ని గంటలు ప్రధాన శాఖ విరిగి ఉండేది. అందుకే అలాంటి మార్పులను అర్ధరాత్రి కూర్చుని చేసేవాళ్లం. జూల్‌లో కమిట్ సందేశం అడుగున డిపెండ్స్-ఆన్ అని రాసి, అది ఆధారపడే మార్పు చిరునామా ఇస్తే చాలు. ఇంకా మెర్జ్ కాని ఆ మార్పును కూడా తెచ్చుకుని రెండింటినీ కలిపి పరీక్షిస్తుంది. ముందుది వెళ్లేదాకా తర్వాతిదాన్ని గేట్ దాటనివ్వదు. పోయిన అక్టోబరులో నాలుగు రిపాజిటరీలను తాకిన మార్పు ఒకటి మధ్యాహ్నం మూడున్నరకు, అందరూ పనిచేస్తుండగానే, ఎవరికీ తెలియకుండా లోపలికి వెళ్లిపోయింది. దాన్ని రాసినాయన పుణె నుంచి ఫోను చేసి, "మేడమ్, నిజంగా వెళ్లిందా?" అని రెండుసార్లు అడిగారు.

చిన్న చిన్న సదుపాయాల్లోనూ దీన్ని రోజూ వాడినవారి అనుభవం కనబడుతుంది. జాబ్‌కు ముందు యంత్రాన్ని సిద్ధం చేసే భాగం విఫలమైతే, అది మార్పు తప్పు కాదని తనే గ్రహించి మళ్లీ ప్రయత్నిస్తుంది, మామూలుగా మూడుసార్లు. పత్రాలు మాత్రమే మారితే భారీ పరీక్షలను వదిలేయమని ఫైళ్ల పేర్లతో చెప్పవచ్చు. మా వరుసలో ఆరోవంతు అలాంటివే అని అప్పుడు తెలిసింది. మా ప్రయోగశాలలో నిజమైన రేడియో పరికరాలు రెండే ఉన్నాయి. వాటిని వాడే జాబ్‌లకు సెమాఫోర్ పెట్టి, ఒకేసారి రెండు మించకుండా చూస్తున్నాం. మునుపు ఆ పరికరాల కోసం గోడ మీద కాగితం అంటించి పేర్లు రాసుకునేవాళ్లం. పరీక్షల అమరిక ఫైలును మార్చితే, ఆ మార్పు మెర్జ్ కాకముందే కొత్త అమరికతోనే పరీక్ష నడుస్తుంది. అందువల్ల జాబ్‌లను బాగుచేయడానికి మా ముగ్గురి కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. అది రాసిన బృందమే సరిచేసుకుంటోంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. మొదటిది బరువు. మేము పెట్టినప్పుడు షెడ్యూలర్, ఎగ్జిక్యూటర్, మెర్జర్, వెబ్ భాగం, యంత్రాలు తెచ్చిచ్చే నోడ్‌పూల్, వీటన్నిటి మధ్య కబురు మోసే జూకీపర్, పైగా ఒక డేటాబేస్. నిలబెట్టడానికి ఇద్దరం ఆరు వారాలు పనిచేశాం. జాబ్‌లన్నీ యంత్రాలను అమర్చే యాన్సిబుల్ అనే పనిముట్టు భాషలో రాయాలి. అది రానివాళ్లకు ఇంకో మెట్టు. రెండు రిపాజిటరీలు, పదిమంది ఉన్న బృందానికి దీన్ని పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. మీ కోడ్ గిట్‌హబ్‌లో ఒకే రిపాజిటరీలో ఉంటే, 2023 జూలైలో అక్కడ పూర్తి స్థాయిలో విడుదలైన మెర్జ్ క్యూ అనే వరుస సదుపాయాన్ని ముందు చూడండి. కుబర్నెటీస్ ప్రాజెక్టు వాళ్ల పరీక్షల వ్యవస్థ ప్రౌలో మెర్జ్ పని చూసే టైడ్, రస్ట్ వాళ్లు చిన్న మార్పులను మూట కట్టి ఒకేసారి పరీక్షించే పద్ధతి కూడా చదవదగ్గవి. మూట కట్టడం యంత్రాలు తక్కువ ఉన్నవారికి మేలు, కాని మూట విఫలమైతే అందులో దొంగ ఎవరో వెతకాలి. రిపాజిటరీల మధ్య ఆధారాలు మా అంత చిక్కుగా ఉన్నవారికి మాత్రం నేను జూల్‌నే చెబుతాను.

రెండోది రీచెక్. విఫలమైన ఒక్క జాబ్‌నే మళ్లీ నడిపే వీలు జూల్‌లో లేదు. రీచెక్ అంటే పద్దెనిమిదీ మొదటి నుంచి. గేట్‌లో ఇది సరైనదేనని నేను వాదిస్తాను. ఒక్క జాబ్‌ను పాసయ్యేదాకా నొక్కుతూ పోతే నిలకడ లేని కోడ్ లోపలికి జారుతుంది. మేము దాచుకున్న ఆ నాలుగు లోపాలు అలా జారినవే. కాని చెక్ పైప్‌లైన్‌లో, ఇంకా సమీక్ష కూడా కాని మార్పుకు, రెండు నిమిషాల జాబ్ ఒకటి పడిందని మిగతా పదిహేడింటినీ మళ్లీ నడపడం యంత్రాలను వృథా చేయడమే. అక్కడ సడలింపు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

మూడోది కొత్తవారికి అది మాట్లాడే భాష. రీట్రై లిమిట్ (మళ్లీ ప్రయత్నించే పరిమితి అయిపోయింది) అని ఫలితం వస్తే, తన మార్పు చెడ్డదా, యంత్రం చెడ్డదా అని చేరి నెలైన కుర్రాడికి ఎలా తెలుస్తుంది? మేము అలాంటి ఎనిమిది ఫలితాలకు తెలుగు, మరాఠీ, పోలిష్ భాషల్లో ఒక పేజీ వివరణ రాసి స్థితి పేజీ పక్కన పెట్టుకున్నాం. తెలుగు పేజీ రాసింది ఆ గుంటూరు అమ్మాయే. ఇప్పుడు గేట్ కాపలా వంతుల్లో ఆమె పేరూ ఉంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. జూల్ చాలావరకు అపాచీ లైసెన్సుతో వచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, దానికి రూపాయి కట్టక్కర్లేదు. యంత్రాలు, వాటిని చూసే మనుషులు మాత్రం మీవే. మాకు అదనపు యంత్రం ఒక్కటీ కొనాల్సి రాలేదు.

ఇప్పుడు మామూలు రోజున ఆమోదం నుంచి మెర్జ్‌కు గంటన్నర పడుతోంది. విడుదల వారంలో నాలుగు గంటల దాకా వెళుతుంది, ఇంకా తగ్గాలి. మార్పులు చిన్నవయ్యాయి, సమీక్షలు త్వరపడ్డాయి. దొడ్డిదారి అనుమతులను పోయిన ఏడాది తీసేశాం, ఎవరూ అడ్డు చెప్పలేదు. నాలుగు గంటలు నడిచే పనితీరు పరీక్షలు మాత్రం ఇప్పటికీ గేట్ బయటే రాత్రిపూట నడుస్తున్నాయి. వాటిని ముక్కలుగా విడగొట్టి లోపలికి తేవడం ఈ ఏడాది నా పని.

మీరు ప్రయత్నించాలనుకుంటే, జూల్‌ను ముట్టుకోకముందే రెండు వారాలు ఒక పని చేయండి. రోజూ రాత్రి ప్రధాన శాఖపై ఏ మార్పూ లేకుండా మీ పరీక్షలన్నీ ఇరవైసార్లు నడిపి, పడినవాటి పేర్లు రాసుకోండి. తర్వాత జూల్ పత్రాలతో పాటు వచ్చే త్వరిత ప్రారంభ పాఠం తీసుకోండి. కోడ్ సమీక్షకు వాడే గెరిట్‌తో సహా అన్నీ కంటెయినర్లలో ఒకే యంత్రంపై లేస్తాయి, ఒక శనివారం మధ్యాహ్నం చాలు. అందులో నాలుగు మార్పులు పంపి, రెండోదాన్ని కావాలని విరిచి, నాలుగింటినీ ఆమోదించండి. స్థితి పేజీ తెరిచి ఉంచుకుని, మూడు, నాలుగుల గీత రెండోదాన్ని వదిలి మొదటిదానికి అతుక్కునే క్షణం చూడండి.